డబ్బా మొహం మనవైపే

మా ఇంట్లో ఒక టీపొడి డబ్బా ఉంది. అందరిళ్ళలోనూ ఉంటుంది. దాని మొహం ఎటు తిరిగి ఉందో నేను గాని మా ఆవిడ గాని ఏనాడూ పట్టించుకోలేదు. ఒకరోజు గోడవైపు, ఒకరోజు కిటికీవైపు, పండగ హడావుడిలో అయితే పప్పుల డబ్బా వెనకాల ఎక్కడో. సినిమాల్లో మాత్రం డబ్బా మొహం ఎప్పుడూ మనవైపే. ఇంటాయన ఉద్యోగం ఊడి వచ్చినా, కూతురు పెళ్ళి పీటలమీద ఆగిపోయినా, అరమీద అక్షరాలు అంగుళం వంకర తిరగవు. వాటిమీద దుమ్ము పడదు. మూతకి జిడ్డంటదు. ఆ ఇంటి ఇల్లాలు ఆ డబ్బా తీసి, మన కళ్ళముందు ఒక క్షణం ఆడించి, కుప్పకూలిన మొగుణ్ణి చూస్తూ "ముందు ఒక కప్పు తాగండి, అన్నీ సర్దుకుంటాయి" అంటుంది. సర్దుకుంటాయట! ఇన్నేళ్ళ కాపురంలో నాకెన్ని కష్టాలొచ్చినా మా ఆవిడ టీపొడి పేరెత్తి ఓదార్చిన పాపాన పోలేదు.

దీన్ని ఇన్-ఫిల్మ్ బ్రాండింగ్ అంటారని నాకు చెప్పింది మా మనవరాలు. మా అమ్మాయి కూతురు. మాదాపూర్‌లో ఒక ప్రకటనల కంపెనీలో పనిచేస్తుంది. పని అంటే ఏమిటో అనుకునేరు, అచ్చంగా ఇదే పని. ఏ సబ్బుని ఏ సినిమాలో ఏ సీన్లో దూర్చాలో బేరం కుదర్చటం. అంచేత నేను తిట్టేటప్పుడు కాస్త చూసుకుని తిడతాను. పిల్ల ఇంటద్దె అందులోంచే వస్తోంది మరి.

మా రోజుల్లో హాల్లో ప్రకటనలు లేవని కాదు. బోలెడుండేవి. ఆట మొదలయ్యే ముందు గాజుపలక స్లైడ్లు వేసేవారు. ఫలానా వారి బట్టల కొట్టు, ఫలానా వారి మిఠాయి దుకాణం, ఫలానా డాక్టరుగారిచే నొప్పి లేకుండా పళ్ళు తీయబడును. చేత్తో రాసినవి కనక ఒత్తులు, దీర్ఘాలు ఎవరి ఇష్టం వాళ్ళది. ఒక్కోసారి ఆపరేటరు పలకని తిరగేసి పెట్టేవాడు. బట్టల కొట్టు పేరు అద్దంలో చూసినట్టు కనబడేసరికి నేల తరగతి మొత్తం ఈలలు. ఆ కొట్టు యజమాని కుర్చీ తరగతిలోనే ఉండేవాడు. పేరు పడగానే ఎవరెవరు చూస్తున్నారో అని చుట్టూ చూసుకునేవాడు. తర్వాత ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్‌రీలు. ఎక్కడో వరద, ఎక్కడో ఆనకట్ట, మంత్రిగారి రిబ్బను. దాని తర్వాత అసలు ఆట.

ఆట మొదలైందా, కొట్టు యజమాని కూడా మాలాంటి ప్రేక్షకుడే. తెరమీద సావిత్రి ఏడుస్తుంటే ఆయనా ఏడ్చేవాడు. ఆ ఏడుపులోకి తన చీరల మూట మోసుకుని వచ్చేవాడు కాడు. ఇంటర్వెల్లో మళ్ళీ ఆయన స్లైడు పడేది, గోలీసోడాల చప్పుడులో ఎవరూ చూసేవాళ్ళు కాదు. పాటల పుస్తకం కొంటే వెనక అట్టమీద తలనూనె బొమ్మ. పుస్తకం తిరగేస్తే నూనె, తెరిస్తే పాట. ఏది ఎక్కడుందో నాలుగో తరగతి పిల్లాడికి కూడా తెలిసేది.

రేడియో సంగతి చెప్పనా? ఆకాశవాణి సినిమా పాటలమీద మొహం ముడుచుకున్న రోజుల్లో దేశం దేశమంతా రేడియో సిలోన్‌కి ముల్లు తిప్పింది. 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం బుధవారం రాత్రి రేడియో ఉన్న అరుగుమీద చోటు దొరికేది కాదు. హిందీ ఒక్క ముక్క రానివాళ్ళు కూడా అమీన్ సయానీ గొంతు వినటానికి వచ్చేవాళ్ళు. తెలుగు పాటలకైతే మీనాక్షి పొన్నుదురై ఉండనే ఉంది. బినాకా అంటే పళ్ళ పేస్టు. అది దాచిపెట్టిన రహస్యమేం కాదు, కార్యక్రమం పేరే అది. పేస్టువాడు డబ్బు పెడుతున్నాడు, సయానీ పాట పెడుతున్నాడు, మేం వింటున్నాం. ముగ్గురికీ లెక్క తెలుసు. కానీ నౌషాద్ కట్టిన బాణీ మధ్యలోకి పేస్టు వచ్చి పళ్ళికిలించలేదు. వివిధ భారతిలో 1967లో ప్రకటనలు మొదలయ్యాయి, దూరదర్శన్‌లో 1976లో. 1984లో 'హమ్ లోగ్' సీరియల్ వచ్చినప్పుడు దాని వెనక ఉన్నది మ్యాగీ నూడుల్సు. అప్పుడు కూడా నూడుల్సు ముందొచ్చి దణ్ణం పెట్టి వెళ్ళేవి, కథ తర్వాత వచ్చేది.

"అంటే మీ సినిమాల్లో బ్రాండ్లే కనబడేవి కావా తాతయ్యా?" అంటుంది మనవరాలు. ఎందుకు కనబడవే? రోడ్డుమీద కారు వెళ్తే అది అంబాసిడర్, కాకపోతే ఫియట్. దేశంలో ఎక్కువగా ఉన్నవే అవి. విలన్ గారి రహస్య స్థావరంలో బల్లమీద వ్యాట్ 69 సీసా. మా ఊళ్ళో దాన్ని కంటితో చూసినవాడు లేడు. చూడకపోయినా, ఆ సీసా కనబడగానే వీడు మంచివాడు కాడని నేల తరగతికి అర్థమైపోయేది. ఆలోచించండి, ఏ కంపెనీ అయినా ఎదురు డబ్బిచ్చి తన సరుకుని దొంగనోట్లు అచ్చేసేవాడి చేతిలో పెట్టించుకుంటుందా? కనక ఆ సీసా అక్కడ ఉండటం కథకోసమే.

సత్యజిత్ రాయ్ రాసిన డిటెక్టివ్ ఫేలూదా చార్మినార్ సిగరెట్లు కాలుస్తాడు. మన హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ తయారుచేసిన సరుకు అది, కలకత్తాలో ఆ తెలివైన మధ్యతరగతి మనిషి జేబులో ఉంటుంది. ఆ ఒక్క పేరుతో మనిషి ఆదాయం తెలుస్తుంది, అలవాటు తెలుస్తుంది, ఆర్భాటం లేదనీ తెలుస్తుంది. ఫేలూదా చేతిలో ఖరీదైన విదేశీ సిగరెట్టు పెడితే అతను ఇంకో మనిషి అయిపోతాడు. అంచేత కథలో వస్తువుకి పేరుండకూడదని నేనెక్కడా అనలేదు. పేరుండాలి. అయితే ఆ పేరు పాత్ర గురించి ఏదో ఒకటి చెప్పాలి. ఇప్పుడేమో పాత్రే పేరు గురించి చెబుతోంది. చిట్‌ఫండు మునిగి రోడ్డున పడ్డ గుమాస్తా చేతిలోనూ, అతన్ని ముంచిన ఆసామి చేతిలోనూ ఒకటే ఫోను. కంపెనీ ఒకటే కదా మరి, డబ్బిచ్చింది.

'శివ' 1989లో వచ్చింది. నాగార్జున సైకిల్ చెయిన్ తెంపి చేతికి చుట్టుకున్నాడు. రాష్ట్రంలో కాలేజీ కుర్రాళ్ళందరూ సైకిళ్ళకేసి కొత్తగా చూశారు. ఆ సైకిల్ ఏ కంపెనీదో ఎవడైనా అడిగాడా? 2015లో 'శ్రీమంతుడు' వచ్చింది. మహేశ్‌బాబు సైకిల్ తొక్కాడు. కోటీశ్వరుడి కొడుకు సైకిలెక్కటం మంచి ఆలోచనే, పాత్రకి తగినదే, ఊరిని దత్తత తీసుకోవటం అంతకంటే మంచి ఆలోచన. కానీ సినిమా చూసొచ్చిన మా వీధి కుర్రాళ్ళు ఊరి దత్తత గురించి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఆ సైకిల్ పేరేమిటి, లక్షలు పోసి కొన్నారటగా, గేర్లెన్ని, ఇవే ప్రశ్నలు. పేపర్లలోనూ అవే వార్తలు. నిర్మాతలు ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో నాకనవసరం. జనం చూపు ఎటు తిరిగిందన్నదే నా గోల.

నన్నడిగితే ఈ తిరుగుడు 'బాబీ'తో మొదలైంది. 1973. రిషి కపూర్ నడిపిన ఆ చిన్న రాజ్‌దూత్ బండిని జనం కంపెనీ పేరు మానేసి 'బాబీ' అనే పిలిచారు. నేనూ అప్పుడు కుర్రవాణ్ణే, ఆ బండి మీద కన్ను పడని కుర్రాడు మా కాలేజీలో లేడు, కొనగలిగినవాడూ లేడు. బండి సినిమాని మోసిందో, సినిమా బండిని మోసిందో తేలకుండానే ఆ ముచ్చట తీరిపోయింది. తర్వాత కొంతకాలం ఊరుకున్నారు. దేశంలోకి కంపెనీలు తిరిగొచ్చాక ఇక ఆగలేదు. 1999లో 'తాళ్'. అక్షయ్ ఖన్నా, ఐశ్వర్యారాయ్ ఒక కోకాకోలా సీసాతో ప్రేమ తెలుపుకుంటారు. మా రోజుల్లో ఈ పని చేయటానికి ఒక ఉత్తరం సరిపోయేది, మరీ ధైర్యం ఉంటే ఒక చూపు. రెండేళ్ళకి అదే దర్శకుడు 'యాదే' తీశాడు. అందులో మనుషుల కంటే సరుకులే ఎక్కువగా గుర్తుంటాయి. 2003లో 'బాగ్‌బాన్'. పిల్లలు ముసలి తల్లిదండ్రుల్ని చెరొకరుగా పంచుకుంటున్నారు, మా ఆవిడ పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. తెరమీద అమితాబ్ ఉద్యోగం చేసింది ఐసీఐసీఐ బ్యాంకులో, బోర్డుతో సహా కనబడుతోంది. మా ఆవిడ ముక్కు చీదుకుని, "అదేమిటండీ, అంత పెద్ద బ్యాంకులో చేసినాయనకి పెన్షనన్నా రాదా?" అంది. పక్క వరసలో ఎవరో నవ్వారు. దర్శకుడు ఎంత కష్టపడి కట్టుకొచ్చిన దుఃఖమో అది, ఒక్క బోర్డుతో పోయింది.

ఆ తర్వాత పాటలు కూడా అమ్ముడయ్యాయి. కాదు కాదు, ఇక్కడ కథ ఇంకా వింతగా జరిగింది. 2010లో 'దబంగ్' వచ్చింది. అందులో ఒక పాటలో జండూ బామ్ పేరొస్తుంది. ఎవరూ డబ్బివ్వలేదు, ఎవరూ అడగలేదు. పాట మారుమోగిపోయింది. ఆ బామ్ కంపెనీ మా పేరు మమ్మల్ని అడక్కుండా వాడతారా అని లాయరు నోటీసిచ్చింది. తర్వాత రాజీ పడ్డారు. తర్వాత ఆ పాటకి ఆడిన మలైకా అరోరానే బామ్ ప్రచారానికి పెట్టుకున్నారు. కోపం నుంచి కాంట్రాక్టుదాకా రావటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. 2012లో దాని రెండో భాగం వచ్చేసరికి పాట ఫెవికాల్ మీదే కట్టారు. కవి అనేవాడు చందమామ, వెన్నెల, మల్లెపూలు పట్టుకుని తిరిగేవాడు ఒకప్పుడు. ఇప్పుడు కిరాణా కొట్టు చీటీ పట్టుకుని తిరుగుతున్నాడు.

మనవరాలు ఒక ఆదివారం నాకు ఈ వ్యాపారం మొత్తం కూర్చోబెట్టి చెప్పింది. పిల్లకి ఓపిక ఎక్కువ. సరుకు ఊరికే వెనకాల కనబడితే ఒక రేటు. హీరో చేత్తో పట్టుకుంటే ఇంకో రేటు. నోటితో పేరు పలికితే మరో రేటు. సరుకు లేకపోతే కథే నడవదన్నట్టు పెడితే ఆ రేటు వేరే. హీరో ఎవరన్నదాన్నిబట్టి అన్నీ మారతాయి. ఎప్పుడూ నోట్లే చేతులు మారతాయని కాదు. కంపెనీవాళ్ళు టీవీలో తమ ప్రకటనలో సినిమా ముక్కలు చూపిస్తారు, ఆ మేరకు నిర్మాతకి ప్రచారం ఖర్చు తగ్గుతుంది. కార్లు ఇస్తారు, బట్టలు ఇస్తారు, షూటింగుకి రిసార్టు ఇస్తారు. కంపెనీలేమిటి, దేశాలే వచ్చి కూర్చుంటున్నాయి. 2006లో 'క్రిష్'కి సింగపూర్ పర్యాటక శాఖ తోడైంది, 2011లో 'జిందగీ నా మిలేగీ దోబారా'కి స్పెయిన్ పర్యాటకం వాళ్ళు. అందులో కుర్రాళ్ళు టమాటాల పండగ ఆడితే, ఆ ఏడాది ఇక్కడ మదనపల్లె టమాటా రైతు పొట్ట పట్టుకుని చూసుంటాడు.

"మరి సీను ఎవరు రాస్తారే?" అన్నాను.

"రైటరే రాస్తాడు తాతయ్యా. మేం స్క్రిప్టు చదివి ఎక్కడ అవకాశం ఉందో గుర్తులు పెడతాం, అంతే."

అంతేనట. హీరోయిన్ పనిచేసేది పుస్తకాల కొట్టులో అని రాసుకుంటాడు ఆ రచయిత పాపం. గుర్తులు పడి వచ్చేసరికి అది సెల్‌ఫోన్ల షోరూము అవుతుంది. ప్రేమ మాత్రం అదే ప్రేమ, ఏసీలో పుడుతుంది.

ఇంకో ముక్క కూడా చెప్పింది, అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చాలా కంపెనీలు తమ సరుకు విలన్ ముట్టుకోకూడదని షరతు పెడతాయట. నేను నమ్మలేదు. అప్పుడు తను రియాన్ జాన్సన్ సంగతి చెప్పింది. 'నైవ్స్ ఔట్' అనే హత్య మిస్టరీ తీసిన హాలీవుడ్ దర్శకుడాయన. యాపిల్ వాళ్ళు సినిమాలకి ఐఫోన్లు వాడుకోనిస్తారు గాని చెడ్డ పాత్ర చేతిలో అది కెమెరాకి కనబడకూడదంటారని ఆయనే 2020లో బయటపెట్టాడు. ఇక మిస్టరీ సినిమాలో మిస్టరీ ఏముంది? ఎవడి చేతిలో ఏ ఫోనుందో చూసుకుంటే హంతకుడు మొదటి రీల్లోనే దొరికిపోతాడు. మా వ్యాట్ 69 సీసా మనిషి చెడ్డవాడని చెప్పటానికి ఉండేది. ఈ ఫోను మనిషి మంచివాడని పూచీ ఇవ్వటానికి వస్తోంది.

దీనికి ఇంకో కొస ఉంది. డబ్బివ్వని సరుకు పేరు తెరమీద కనబడనివ్వరు. టీవీ కార్యక్రమాల్లో చూడండి, నీళ్ళ సీసా మీద కాగితం అంటిస్తారు, చొక్కా మీది గుర్తుని మసకచేస్తారు. నిజంగా జనం వాడే వస్తువులన్నీ మసకలో పోయి, డబ్బు కట్టినవి మాత్రం తేటగా కనబడతాయి. పది కాలాల తర్వాత ఎవడైనా ఈ సినిమాలు చూసి 2020ల్లో తెలుగువాళ్ళు ఏం తిన్నారు, ఏం తాగారు అని రాయబోతే, వాడికి దొరికేది మా వంటిల్లు కాదు, మా మనవరాలి ఆఫీసు బిల్లులు. పాత నలుపు తెలుపు సినిమాలో ఆసుపత్రి సీన్లో బల్లమీద హార్లిక్స్ సీసా ఉంటే నేను ఇన్నాళ్ళూ దాన్ని సీసాలాగే చూశాను. ఇప్పుడు చూస్తే "వీళ్ళకి ఎంతిచ్చి ఉంటారు" అనిపిస్తోంది. కొత్త సినిమాలు పాడయితే పోనీలే అనుకోవచ్చు. పాతవి కూడా పాడయ్యాయి. దీనికి ఏ కంపెనీ నాకు పరిహారం ఇస్తుంది?

తెరమీద ఎవడైనా సిగరెట్టు ముట్టిస్తే కింద హెచ్చరిక పడుతుంది. సినిమాకి ముందూ మధ్యలోనూ పొగాకు చెడ్డదని చూపిస్తారు. ఆ ప్రకటన జనం నోళ్ళలో ఎంత నానిందంటే 'ఈ నగరానికి ఏమైంది' అని 2018లో దాని పేరుతోనే సినిమా వచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి ఓటీటీల్లోనూ వేయాలన్నారు. మంచిదే, నేను చుట్ట మానేసి చాలా కాలమైంది. కుక్కని చూపించాలంటే దానికి ఏ బాధా కలగలేదని రాయాలి. మరి డబ్బు పుచ్చుకుని పెట్టిన టీపొడి కనబడితే ఒక్క అక్షరం పడదేం? ఇంగ్లండులో టీవీ కార్యక్రమాల్లో ఇలాంటివి పెట్టుకోనిచ్చింది 2011 ఫిబ్రవరిలో. ఇచ్చినప్పుడే తెర మూలన 'పి' అనే గుర్తు వేయమన్నారు. చూసేవాడికి ముందే తెలుస్తుంది, ఇందులో ఏదో అమ్మకం ఉందని. మనకీ ఒక 'ప్ర' వేస్తే ఏం పోయింది? ఇన్‌స్టాగ్రాంలో లిప్‌స్టిక్ పూసుకుని చూపించే పిల్లల్ని డబ్బు తీసుకుంటే ఆ ముక్క రాయమని 2021 నుంచి నియమం పెట్టారు. కోట్లు తీసుకునే సినిమాకి లేని సిగ్గు ఆ పిల్లలకెందుకు?

ఇక్కడ మా ఆవిడ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈమధ్య ఆవిడ తెలుగులో మాట్లాడే కొరియా సీరియళ్ళలో పడింది. వాళ్ళు ఈ విద్యలో మనకి గురువులు. ప్రేమించుకోవాలన్నా, విడిపోవాలన్నా అందరూ ఒకే శాండ్‌విచ్ దుకాణానికి వెళ్తారు. 'విన్సెంజో' అని 2021 సీరియల్లో కొపికో అనే కాఫీ చాక్లెట్టు వస్తుంది. ఇండోనేషియా సరుకు. ఒకనాడు కొట్టుకి వెళ్తుంటే, "వస్తూ వస్తూ కాఫీ చాక్లెట్లు తెండి" అంది. ఏనాడూ చాక్లెట్టు అడగని మనిషి. నేను తిట్టుకుంటూ వెళ్ళి, తెచ్చాను. ఇంట్లోనే ఇలా ఉంటే నేను ఎవర్ని అని ఏం లాభం.

క్రికెట్టు గురించి ఎక్కువ మాట్లాడను, బీపీ పెరుగుతుంది. 2008లో ఐపీఎల్ వచ్చాక సిక్సర్ని సిక్సర్ అనటం మానేసి 'డీఎల్ఎఫ్ మ్యాగ్జిమం' అన్నారు. క్యాచ్ పడితే అదొక ఫోన్ కంపెనీ క్యాచ్. బంతి గాల్లో ఉండగానే వ్యాఖ్యాత నోట్లో కంపెనీ పేరు సిద్ధంగా ఉంటుంది. పేరు చెప్పాక బంతి కింద పడిపోతే దాని బాధ్యత ఎవరిదో నాకు తెలీదు.

మనవరాలు ఊరుకుంటుందా. చదువుకున్న పిల్ల. "తాతయ్యా, మీ కాలం, మా కాలం కాదు, సినిమా పుట్టిన కాలం నుంచీ ఇదే" అని మొదలుపెట్టింది. లూమియేర్ సోదరుల 1896 నాటి ఫిల్ము ఒకటుందట, స్విట్జర్లాండులో ఆడవాళ్ళు బట్టలుతుకుతుంటే పక్కన సన్‌లైట్ సబ్బు పెట్టెలు. తీసినాయన ఆ సబ్బుకి ప్రచారం చేసేవాడే. సినిమాకి నడక రాకముందే సబ్బు వచ్చి కూర్చుందన్నమాట. 1982లో స్పీల్‌బర్గ్ 'ఈ.టీ.' తీస్తూ మార్స్ కంపెనీని ఎం అండ్ ఎమ్స్ బిళ్ళలు వాడుకోనివ్వమంటే వాళ్ళు కాదన్నారు, హెర్షీస్ వాళ్ళు సరేనని సినిమా ప్రచారంమీద పది లక్షల డాలర్లు పెట్టి, వాళ్ళ రీసెస్ పీసెస్ బిళ్ళలు తెగ అమ్ముకున్నారు. ఇవన్నీ చెప్పి, ఆఖర్న నా గుండెమీదే కొట్టింది.

"మన కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనం ఎలా అమ్మారు? సంగీత కచేరీల్లో ఉచితంగా పంచిపెట్టి కాదూ?"

నిజమే. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టి, కచేరీలకి వచ్చినవాళ్ళ చేతుల్లో ఊరికే పెట్టి అలవాటు చేశాడాయన. ఆ పసుపుపచ్చ సీసా డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది, 1914లో మద్రాసుకి వచ్చి దినపత్రిక అయింది. అమృతాంజనం లేకపోతే తెలుగువాడికి ఆ పత్రికా లేదు, ఉగాది సంచికా లేదు. కాదన్నదెవరు? కానీ అమ్మాయ్, సీసా శ్రోత చేతిలో పెట్టాడు. గాయకుడి చేతిలో పెట్టలేదు. తోడి రాగం ఆలాపన మధ్యలో ఆపి, నుదుటికి రాసుకుని, "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అనమని భాగవతార్‌గారికి చెప్పలేదు. నచ్చితే కొనుక్కో, లేకపోతే పారెయ్, పాట మాత్రం పాటే. మందమ్మి తెచ్చిన డబ్బుతో పత్రిక నడపటం వేరు, పత్రికలో సంపాదకీయాన్నే మందు సీసాకి చుట్టటం వేరు.

"అలా అయితే నిర్మాత ఎలా బతుకుతాడు తాతయ్యా? టికెట్ డబ్బుతో ఖర్చు తిరిగి రావద్దూ?" అంది.

హీరోగారి పారితోషికం కాస్త తగ్గించుకోమను అన్నాను. అది మన చేతిలో లేదు అంది. అక్కడ మాత్రం మేమిద్దరం ఒక మాటమీదున్నాం.

సరే, ఎంత చేసినా వీళ్ళు చేతులు పెట్టలేనిది ఒకటుంది, పౌరాణికం, అని నేను ధీమాగా ఉండేవాణ్ణి. కురుక్షేత్రంలో కూల్‌డ్రింకు పెట్టలేరుగా. దానికీ భయం పట్టుకుంది. షూటింగైపోయిన సినిమాలో కూడా ఇప్పుడు కంప్యూటరుతో సరుకు దూర్చగలరట. ఖాళీ బల్లమీద సీసా మొలుస్తుంది, ఖాళీ గోడమీద బోర్డు మొలుస్తుంది. మొన్నటికి మొన్న 2010లో 'మాయాబజార్'కి రంగులేశారు, 1957 నాటి సినిమాకి. రంగులేసినవాళ్ళు ఊరుకుంటారని ఏముంది? ఆ ప్రియదర్శిని పెట్టె ఉంది చూడండి, మూత తెరిస్తే ఎవరి మనసులో ఎవరుంటే వాళ్ళు కనబడేది, రేపు దాని మూతమీద ఏ కంపెనీ గుర్తో మొలిస్తే ఆపేదెవరు? శశిరేఖ దాన్ని తెరిచేముందు వేలిముద్ర వేయాలేమో.

ఇది చెప్పి, "అది మాత్రం ముట్టుకోకండే తల్లీ" అన్నాను.

"ముట్టుకోం తాతయ్యా. పౌరాణికాల్లో లోపల పెట్టం. బయట పెడతాం. మా సరుకు సినిమాలోకి రాలేకపోతే, సినిమానే ప్యాకెట్టు మీదికి తీసుకొస్తాం. హీరో కిరీటంతో నిలబడతాడు, కింద మా పేరుంటుంది."

"అయితే ఘటోత్కచుణ్ణి ఏ ప్యాకెట్టు మీద నిలబెడతావే? పెళ్ళివంటంతా ఒక్కడే ఊడ్చేసినవాణ్ణి?"

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు మా పిల్ల. "అరుగుదల మందు తాతయ్యా" అంది, ఫోను తీసి రాసుకుంటూ. "ఇది మీటింగులో చెప్తాను. మీ పేరు చెప్పమంటారా?"